ముప్పై వేల సెకన్లు నిద్రపోయిన కాపలాకుక్క

నా జీవితంలో ఒకే ఒక్క మనిషిని ప్రపంచమంతా చూస్తుండగా తిట్టాను. అదీ ఇంగ్లీషులో, వ్యాకరణం రెండుసార్లు సరిచూసుకుని మరీ. ఆ తిట్టు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో చెక్కుచెదరకుండా ఉంది. తీసేయమని వేడుకుంటే, వచ్చిన ఉత్తరాలు తీసేసే ఆచారం తమకు లేదని మర్యాదగా జవాబిచ్చారు. ఆ తిట్టు ఎవరికి తగిలిందో, అంతకుముందు మా చిన్నాయన నారుమడి ఎలా కొట్టుకుపోయిందో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. నవ్వాల్సిన వాళ్లంతా ఎప్పుడో నవ్వేశారు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బళ్లారి కౌల్ బజారులో ఖాజా భాయ్ దుకాణంలో ఉద్యోగం. కింద అంతస్తులో మోటర్లకు వైండింగ్ చేసేవాళ్లు. పై అంతస్తులో నేను, ఒక కంప్యూటరు, గాలి తప్ప అన్నీ ఇచ్చే ఒక ఫ్యాను. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్‌తోనే పొలంలో మోటరు వేసుకుని, ఆపుకునేలా చిన్న కంప్యూటరు పెట్టెలు తయారుచేయడం నా పని.

ఆ పెట్టెలో ఆపరేటింగ్ సిస్టం ఉంటుంది. దానికి గుండెకాయ లాంటిది కెర్నల్. మేము వాడే కెర్నల్‌కు యజమాని అంటూ ఒకరు లేరు, దేశదేశాల వాళ్లు కలిసి రాస్తారు. ఏ భాగాన్ని ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ కూడా దాంతోపాటే ఉంటుంది. అందులో తప్పు కనబడితే ఎవరైనా దిద్ది మెయిల్ పంపవచ్చు. ఆ భాగం చూసుకునే పెద్దమనిషి ఒప్పుకుంటే దిద్దుబాటు చేరిపోతుంది. పక్కన మీ పేరు శాశ్వతంగా ఉండిపోతుంది.

శాశ్వతంగా! ఆ ఒక్క మాట నా బుర్రలో దూరాక ఇక అన్నం సహించలేదు. హంపిలో రాజులు రాళ్లమీద పేర్లు చెక్కించుకున్నారు, నేను కెర్నల్‌లో చెక్కించుకుంటాను అనుకున్నాను. ఒక వారం పాటు ఆ డాక్యుమెంట్ల మీద పడి, తలలో పేలు చూసినట్టు తప్పులు వెతికాను. ఒకచోట కామా, ఒకచోట అక్షరదోషం, ఒకచోట రెండుసార్లు పడిన మాట. అలా పది పదిహేను దిద్దుబాట్లు పంపాను. వాటి మధ్యలో ఒకటి, వాచ్‌డాగ్ గురించి.

వాచ్‌డాగ్ అంటే కాపలాకుక్క. కంప్యూటరు బాగున్నంతసేపూ మధ్యమధ్యలో ఆ కుక్కకు "బతికే ఉన్నాను" అని చెబుతూ ఉంటుంది. మనం పెట్టిన గడువు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే, కంప్యూటరు బిగుసుకుపోయిందని గ్రహించి కుక్క దాన్ని రీస్టార్ట్ చేస్తుంది. ఆ గడువును సెకన్లలో ఇవ్వాలని డాక్యుమెంటులో రాసి ఉంది. నేను కోడ్ తెరిచి చూస్తే, ఎక్కడో ఒక వరుసలో వెయ్యితో గుణించడం కనబడింది. "దొరికారు దొంగలు! ఇది సెకన్లు కాదు, మిల్లీసెకన్లు" అని తీర్మానించేశాను. ఆ గుణకారం మనం ఇచ్చిన సెకన్లను కెర్నలే లోపల మార్చుకోవడానికని గ్రహించే ఓపిక నాకెక్కడిది? సెకన్లు కొట్టేసి మిల్లీసెకన్లు అని రాసి పంపాను.

ఆ భాగం చూసుకునే పెద్దమనిషి ఏదో దూరదేశంలో ఉంటాడు. ఒక్క వాక్యంలో అడిగాడు: "హార్డ్‌వేర్ మీద పరీక్షించి చూశారా?"

పరీక్షించాలంటే బోర్డు విప్పాలి, వైర్లు కలపాలి, సగం రోజు పోతుంది. "చూశాను, బాగా పనిచేస్తోంది" అని రాయడానికి ఒక నిమిషం చాలు. నేను ఆ నిమిషాన్నే ఎంచుకున్నాను.

వారం తిరక్కుండా అన్నీ ఒప్పుకున్నారు. నేను కుర్చీలో నిలవలేక కిందికి పరుగెత్తాను.

"భాయ్, నా పేరు కెర్నల్లో వచ్చింది!"

"కర్నూల్లోనా? కర్నూల్ల యాడ?"

"కర్నూలు కాదు భాయ్, కెర్నల్!"

"యాడైతే ఏందమ్మా, పేరొచ్చిందా లేదా? అరే, ఉగ్గాని బజ్జీ తెప్పియ్యండప్పా!"

సాయంత్రానికి మా అమ్మ వీధిలో అందరికీ, మా హేమావతి పేరు కర్నూలు పేపర్లో పడిందని చెప్పేసింది. నేను ఖండించలేదు.

తర్వాత రెండేళ్లు గడిచాయి. ఆ పది పదిహేను దిద్దుబాట్లలో ఏది ఏమిటో మర్చిపోయాను. మీకిప్పటికే విషయం అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి ఒక నారుమడి ఖర్చయింది.

మా చిన్నాయన ఎర్రిస్వామిది కంప్లి. తుంగభద్ర పక్కన వరి పొలం. ఆయనకు మన పెట్టె ఉచితంగా పెట్టి రమ్మని ఖాజా భాయ్ పంపాడు. చిన్నాయన మాటల్లో ఏది వేళాకోళమో ఏది నిజమో ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. పెట్టె బిగిస్తుంటే అడిగాడు:

"ఇది మధ్యలో బిగుసుకపోతే ఎట్ల పాపా?"

"దీంట్లో కుక్క ఉంది చిన్నాయనా. అదే లేపుతుంది."

ఆయన పెట్టె వెనక్కి వంగి చూశాడు. "యాడుండాది?"

"లోపల."

"ఇంత సిన్న పెట్టెలోనా? పాపం, ఊపిరాడతాదా?"

కింది మడి హులిగెమ్మది. మొన్నమొన్నటిదాకా కూలికి పోయి, ఇప్పుడు ఆ మడి కౌలుకు చేస్తోంది. గట్టు మీద నిలబడి నడుముమీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"ఆ కుక్క లేపేది నువ్వు సూసినావా పాపా? ఒగసారన్నా?"

"చూడక్కర్లేదు హులిగెమ్మక్కా. డాక్యుమెంటులో రాసి ఉంది."

"హౌదా?" అంది ఆమె. కన్నడంలో 'అవునా' అనే ఆ ఒక్క మాటను ఎన్ని రకాలుగా అనవచ్చో నాకు ఆ రోజే తెలిసింది.

గడువు ముప్పై సెకన్లు పెడదామనుకున్నాను. ఎందుకైనా మంచిదని, బాధ్యతగల ఇంజనీరులాగా డాక్యుమెంటు తెరిచాను. మిల్లీసెకన్లలో ఇవ్వాలని ఉంది. కాబట్టి ముప్పై వేలు అని కొట్టాను. డాక్యుమెంటేషన్ చదివే అలవాటున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నెల తర్వాత చిన్నాయన నారుమడిలో మొలకలు చల్లి, మర్నాడు పొద్దున ఏడింటికి ఫోన్‌తో మోటరు వేశాడు. అరగంటకు దానంతటదే ఆగిపోవాలి. ఆ ధైర్యంతో చిన్నమ్మను వెంటబెట్టుకుని ట్రాక్టరు చూడ్డానికి గంగావతి పోయాడు. మధ్యాహ్నం రెండింటికి నా ఫోన్ మోగింది.

"పాపా, నేను హులిగెమ్మను. మీ కుక్క నిద్రపోతాండాది."

"ఏంటక్కా?"

"మోటరు పొద్దున్నించీ పోస్తానే ఉండాది. నేను ఇప్పుడే పనికి పోయి వస్తి. మీ సిన్నాయన నారుమడి ఇప్పుడు మడి గాదు, సెరువు. గట్టు తెగి మొలకలన్నీ నా మడిలోకి వస్తాండాయ్."

"ఆపక్కా, ఆపు! స్టార్టరు పక్కన ఎర్ర బటన్—"

"ఆపేసినాకే నీకు ఫోన్ జేస్తాండా. ఆపకుండా ఫోన్ జేసేకి నాకేమన్నా పిచ్చా?"

ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని కంప్లి బస్సెక్కాను. కాలువ నీళ్లు ఒక లెక్క ప్రకారం వదులుతారు. నారు ఆలస్యమైతే నాటు ఆలస్యం, నాటు ఆలస్యమైతే పంటే అనుమానం. ఆ మడి చిన్నాయనకు ఆ ఏడాది తిండి.

పొలానికి చేరేసరికి కుక్క లేచే ఉంది. మూడున్నరకు లేచినట్టు పెట్టె తనలో రాసుకున్న చిట్టాలో ఉంది. పెట్టె పొద్దున ఏడూ పదికి బిగుసుకుపోయింది, కుక్క ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు హాయిగా పడుకుని లేచింది. అంటే సరిగ్గా ముప్పై వేల సెకన్లు. అప్పుడు, జీవితంలో మొదటిసారి, పరీక్షించి చూశాను. గడువు ముప్పై అని పెడితే అరనిమిషానికి లేచింది. డాక్యుమెంటు శుద్ధ తప్పు!

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. బురద కాళ్లతో గట్టుమీదే కూర్చుని, ఆ భాగం గురించి మాట్లాడుకునే మెయిలింగ్ లిస్టుకు రాశాను. వేలమంది చదివే లిస్టు అది. "ఈ వాక్యం రాసిన మనిషి జీవితంలో కంప్యూటరును ముట్టుకుని ఉండరు. ఆ బాధ్యతలేని చేతుల్లోంచి కీబోర్డు లాగేసుకుంటే మానవజాతికి మేలు జరుగుతుంది. వారి మూలంగా మా చిన్నాయన నారుమడి మునిగిపోయింది." పంపేశాను. ఒంట్లో వేడి దిగినట్టయింది.

అప్పటికి చిన్నాయన వచ్చాడు. మడి చూసి, వంగి నీళ్లలోంచి ఒక మొలక తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"ఎవరో తప్పు రాశారు చిన్నాయనా. గట్టిగా తిట్టి పంపాను."

"ఎవరంట ఆ మహానుభావుడు?"

ఏ వరుసను ఎవరు ఎప్పుడు మార్చారో చూపించే ఏర్పాటు ఒకటి ఉంది. తిట్టేముందు వాడాల్సింది, తిట్టాక వాడాను. మిల్లీసెకన్లు అన్న మాట పక్కన పేరు వచ్చింది. హేమావతి. ప్రమాణంగా చెబుతున్నాను, నాకు ముందు తట్టింది ఇదే: "అరె, నా పేరుతో ఇంకో అమ్మాయి కూడా ఉందే!" తర్వాత పక్కనున్న ఈమెయిలు చదివాను. ఆ ఇంకో అమ్మాయి అక్కడికక్కడే మాయమైంది.

"దొరికినాడా?" అన్నాడు చిన్నాయన.

"దొరికింది."

"ఎవరామె?"

"నేనే చిన్నాయనా."

ఆయన నా వైపు చూశాడు. ల్యాప్‌టాప్ వైపు చూశాడు. "మరి తిట్టినామె?"

"అదీ నేనే."

"ఆయ్తు. అట్లయితే ఇద్దరూ దిగి గట్టు ఎయ్యండి. మనుసులు తక్కువుండారు."

పార తీసుకుని దిగాను. హులిగెమ్మ నాకు మట్టి ఎలా ఎత్తాలో చూపిస్తూ, నేను ఎత్తిన ప్రతి పారకూ నవ్వుతూనే ఉంది. పొద్దుగూకే వేళకు గట్టు నిలబడింది, నా నడుము పడిపోయింది.

దూరదేశపు పెద్దమనిషి జవాబు మర్నాడు వచ్చింది. "మీరు వర్ణించిన వ్యక్తి నాకు తెలుసు. పరీక్షించారా అని అడిగితే చూశానన్నారు. నమ్మి ఒప్పుకున్నది నేను. కాబట్టి కీబోర్డులు లాగేసుకునేటట్లయితే రెండు లాగాలి. దయచేసి సరిచేసి పంపండి. ఈసారి పరీక్షించినవారి పేరు విడిగా రాయండి. నారుమడి ఎలా ఉంది?"

ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివాను. పరీక్షించకుండానే చూశానని రాసినట్టు లిస్టులో అందరి ముందూ ఒప్పుకుని, క్షమాపణ కోరాను. ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. నేను వాడేసిన మాటల తర్వాత ఎవరికీ కొత్త మాటలు మిగిలి ఉండవు.

ఇక పరీక్ష. ఈసారి నా మాట నేనే నమ్మలేదు. కంప్లి పోయి పెట్టెను కావాలని బిగుసుకుపోయేలా చేసి, హులిగెమ్మ చేతికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఇచ్చాను. ఆమె ఫోన్‌ను ఒక కంట, పెట్టెను ఒక కంట చూస్తూ పైకి లెక్కపెట్టింది. ముప్పైకి కుక్క లేచింది.

"చూశావా అక్కా! అయిపోయింది."

"ఒగసారి లేస్తే కుక్కంటారా? మల్లా పెట్టు."

ఇరవైకి పెట్టించింది. అరవైకి పెట్టించింది. మోటరు తిరుగుతుండగా పెట్టించింది, ఆగి ఉండగా పెట్టించింది. పదకొండోసారికి గానీ "సరే" అనలేదు.

పరీక్షించినవారు అన్న చోట ఆమె పేరు రాస్తానంటే నిలబడిపోయింది. "రేషన్ కార్డులోనే నా పేరు తప్పు పడినాది పాపా. దీంట్లోనన్నా సరిగ్గా రాయి." అక్షరం అక్షరం చదివి వినిపించాను. ఈమెయిలు కూడా ఉండాలంటే ఆమెకు ఒకటి తెరిచాను. దిద్దుబాటు చేరింది. హులిగెమ్మ, కంప్లి, శాశ్వతంగా.

అటు ఆమె మడిలోకి కొట్టుకొచ్చిన మొలకలు కూడా అక్కడే వేరు పట్టుకుని పచ్చగా లేచాయి. "ఇంత నారు నేనేం జేసుకుందును ఎర్రిస్వామప్పా, పీక్కోపో" అని పిలిచి ఇచ్చింది. నాటు నాలుగు రోజులు ఆలస్యమైందంతే. పంట ఇంటికొచ్చింది.

కొన్నాళ్లకు హులిగెమ్మ ఈమెయిలుకు ఒక ఉత్తరం వచ్చింది. ఎక్కడో విదేశంలో ఒక ఇంజనీరు వేరే వాచ్‌డాగ్ గురించి డాక్యుమెంటు దిద్దిందట. అనుభవజ్ఞులైన హులిగెమ్మగారు ఒకసారి చదివి సరేనంటే చాలునని ఎంతో వినయంగా అడిగింది. నేను ఫోన్‌లో తెలుగు చేసి చెప్పాను.

"ఆయమ్మ పెట్టె పంపిచ్చినాదా?"

"లేదక్కా. ఊరికే చదివి సరే అంటే చాలంట."

"సూడకుండా సరే అనేకి నేనేమన్నా ఇంజనీరునా పాపా?"

అందుచేత, ఇది చదువుతున్న మీరందరూ సాక్షిగా, కుడిచేయి కీబోర్డు మీద, ఎడమచేయి నొప్పిగా ఉన్న నడుము మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను: పరీక్షించనిదాన్ని పరీక్షించానని ఈ జన్మలో రాయను. ఎవరినైనా తిట్టేముందు, రాసింది ఎవరో పేరు చూస్తాను. అక్కడ మళ్లీ నా పేరే ఉంటే, తిట్టడం మానను గానీ, తెలుగులో, తలుపులేసుకుని, నెమ్మదిగా తిట్టుకుంటాను.