మేడమ్ తీసేసిన సున్నాలు

మా మేడమ్ పోయారు. రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో కాకినాడ బస్సు కోసం నిలబడి ఉండగా ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. "అక్క పొద్దున్నే పోయిందమ్మా, నిద్రలోనే." బస్సు వచ్చింది, ఎక్కలేదు. తర్వాతదీ ఎక్కలేదు. కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. బస్టాండులో ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాను. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాస్తూ కూడా మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లడం, ఎందుకు వెళ్లానో తెలియక తిరిగి రావడం. నా అలజడి మీకు అంటుకుంటే క్షమించండి.

ఆవిడ రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో లెక్కలు చెప్పేవారు. నేను మొదట ఆవిడ దగ్గర చదువుకున్నాను, తర్వాత అక్కడే ఆవిడ పక్క బల్ల దగ్గర ఉద్యోగం చేశాను. ఆవిడ సబ్జెక్టు క్యూలు. నవ్వకండి, దానికో పెద్ద శాస్త్రమే ఉంది. బ్యాంకులో మనుషులు నిలబడినా, మొబైల్ టవరు దగ్గర ఫోన్ కాల్స్ నిలబడినా ఆ శాస్త్రానికి ఒకటే. వచ్చేవాళ్లు ఎలా వస్తున్నారు, ఒక్కొక్కరి పనికి ఎంతసేపు పడుతోంది, పని చేసేవాళ్లు ఎందరు అన్నవి తెలిస్తే ఎంతసేపు ఆగాలో, ఎంతమందికి దారి దొరకదో ముందే లెక్క కట్టొచ్చు.

ఇంత చదివిన మనిషి క్యూలో ఒక్క నిమిషం కుదురుగా నిలబడలేరు. రైల్వే రిజర్వేషన్ దగ్గర నన్నొక కౌంటరు ముందు నిలబెట్టి, తను ఇంకో కౌంటరు ముందు నిలబడేవారు. కాసేపటికి అటు నుంచి కేక. "ఏమ్మాయ్, ఇటొచ్చెయ్, ఇది కదుల్తోంది." నేను వెళ్లగానే అది ఆగిపోయేది, నేను వదిలేసింది చకచకా కదిలేది.

"ఇలా అవుతుందని మీ పాఠంలో లేదేంటండి?" అన్నాను ఒకసారి, ఒళ్లు మండి.

"శుభ్రంగా ఉంది. చదివితే ఓపికొస్తుందని ఎవరన్నారు నీకు?" అన్నారు.

పాఠం కూడా నడుస్తూనే చెప్పేవారు. కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి బోర్డు దాకా. రోజూ పెద్దాపురం నుంచి బస్సులో వచ్చేవారు కాబట్టి ఆవిడ ఉదాహరణలన్నీ బస్సుల మీదే. "పావుగంటకో బస్సని డిపోలో రాసుంటుంది. నిన్న గంటసేపు ఒక్కటీ లేదు, తర్వాత మూడు కలిసి వచ్చాయి. లెక్క వేస్తే సగటు సరిపోతుంది. ఆ సగటు బస్సు ఎక్కినవాళ్లెవరైనా ఉంటే చెయ్యెత్తండి" అనేవారు. ఎవరూ ఎత్తేవారు కాదు. ఆ పూటకి అదే పాఠం.

ఆవిడ పీహెచ్‌డీలో ఆలస్యంగా చేరారు. డాక్టరేటు లేకపోతే మా కాలేజీలో ప్రొఫెసరు పదవి లేదు, ప్రొఫెసరు కాకపోతే డిపార్ట్‌మెంటు హెడ్డు కుర్చీ లేదు. ఆవిడ పేరు ముందు 'డాక్టర్' చూడాలని ఆవిడ కంటే నాకే ఎక్కువ ఆత్రంగా ఉండేది. ఇంట్లో మా అమ్మకి కూడా అప్పుడప్పుడూ 'డాక్టర్ గారు ఇలా అన్నారు' అని చెప్పేసేదాన్ని.

మొబైల్ ఫోన్లు అందరి చేతుల్లోకీ కొత్తగా వస్తున్న రోజులవి. ఉప్పాడ ఒడ్డునున్న ఒక టవరు కాల్స్ వివరాలు అడగ్గా అడగ్గా ఒక కంపెనీ ఇచ్చింది. నంబర్లుండవు. ఏ కాల్ ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు సాగింది, అంతే. అందులో సగానికి పైగా సున్నా సెకన్ల కాల్స్. మోగాయి, ఎవరూ ఎత్తలేదు, ఆగిపోయాయి. మాట్లాడని కాల్ కాల్ కాదని అందరూ వాటిని తీసేసేవారు. మేడమ్ కూడా తీసేశారు. తీసేశాక గ్రాఫులో ఆవిడ సమీకరణం గీసిన గీత మీద ఆ టవరు చుక్కలన్నీ వచ్చి బుద్ధిగా కూర్చున్నాయి. ఆ రోజు స్టాఫ్ రూములో అందరికీ తాపేశ్వరం కాజాలు పెట్టారు.

ఒక్కటే ఆవిడకి మింగుడు పడలేదు. ఆవిడ లెక్క ప్రకారం ఆ టవరులో ఎప్పుడూ బోలెడు చోటుంది. ఉప్పాడ వాళ్లేమో పడవలు ఒడ్డుకొచ్చే వేళకి ఫోన్లు కలవవని మొత్తుకుంటున్నారు. యూనివర్సిటీలో గైడు గారు "ఏదో రిపేరు అయ్యుంటుందమ్మా" అని కొట్టిపారేశారు. మేడమ్ మాత్రం ఆ వారమంతా టీ కూడా కిటికీ దగ్గర తిరుగుతూనే తాగారు.

థీసిస్ సమర్పించే వారంలోనే పెద్దాపురంలో మరిడమ్మ జాతర. భోజనానికి రమ్మని నన్ను తన బస్సులోనే తీసుకెళ్లారు. బస్సు రంగంపేట దాటగానే అలవాటుగా ఫోన్ తీసి, వాళ్లమ్మగారికి ఒక్క రింగు ఇచ్చి కట్ చేశారు. అంటే ఎసరు పెట్టమని. ఇంటికెళ్లేసరికి అన్నం వేడిగా ఉండేది, పైసా ఖర్చు లేదు. అప్పట్లో మనందరం చేసిన పనే. ఫోన్ సంచిలో పడేయబోయి ఆగిపోయారు.

"ఏమ్మాయ్, నేనిప్పుడు అమ్మతో మాట్లాడానా?"

"లేదండి."

"మరి అమ్మ ఎసరు పెడుతుందా?"

"పెడతారండి."

ఆవిడ కాసేపు ఆ ఫోన్ కేసి చూస్తూ ఉండిపోయారు. "నన్ను నేనే తీసేశానే" అన్నారు. నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

ఎత్తకపోయినా ఫోన్ మోగాలంటే టవరు పని చేయాలి. ఎవరికి మోగించాలో వెతకాలి, దారి వేయాలి, మళ్లీ దారి తీసేయాలి. పడవలన్నీ ఇంచుమించు ఒకే వేళకి ఒడ్డుకి చేరతాయి. దిగిన ప్రతివాడూ ఇంటికి ఒక్క రింగు ఇస్తాడు, క్షేమంగా వచ్చానని. కలవకపోతే ఊరుకోడు, కలిసేదాకా నొక్కుతూనే ఉంటాడు. మేడమ్ చెత్త అనుకుని ఊడ్చేసినవి ఆ రింగులే. ఉప్పాడ టవరుకి ఊపిరాడనివ్వనివి కూడా అవే.

ఇంట్లో విస్తట్లో అన్నం పొగలు కక్కుతోంది, ఆవిడ చెయ్యి కదలట్లేదు. వాళ్లమ్మగారు కసిరారు. "ఏంటే, పండగపూట అన్నం ముందు పెట్టుకుని ఆ మొహం?"

"నీ ఎసరు నా లెక్కలో లేదమ్మా."

"ఎసరు పొయ్యి మీదుండాలి గానీ లెక్కలో ఎందుకే?" అని అమ్మగారు ఇంకో గరిటె పప్పు వడ్డించారు.

మర్నాడే గైడు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన మంచివారే, విసుక్కోలేదు. "డేటా శుభ్రం చేయడం అందరూ చేసేదేనమ్మా. సున్నా సెకన్ల కాల్స్ పరిగణించలేదని ఒక వాక్యం రాయి. అబద్ధం కాదు కదా."

"అబద్ధం కాదండి. కానీ వాళ్లందర్నీ తీసేశాక ఈ లెక్క ఎవరి గురించండి?"

థీసిస్ మళ్లీ సంచిలోకి వెళ్లింది. తిరుగు దారిలో నేను ఊరుకోలేదు. ముందు డిగ్రీ తీసుకోండి, తర్వాత తీరిగ్గా సరిచేసుకోండి, మీరు ఇవ్వకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు అని వెనకాలే పరిగెడుతూ చెప్పాను. ఆవిడ నడక అంత జోరు. "తీసుకున్నాక ఎవరు సరిచేస్తారమ్మా? నేనా? నన్ను నేనెరుగుదును" అన్నారు వెనక్కి తిరగకుండానే.

మళ్లీ మొదట్నుంచి మొదలెట్టారు. ఈసారి లెక్కలో రింగులూ ఉన్నాయి, కలవక మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లూ ఉన్నారు. అది చాలా కష్టమైన లెక్క. కలవనివాడు వెళ్లిపోతాడనుకుంటే సులువు. మనవాళ్లు వెళ్లరు. కాగితాల నిండా రాసేవారు, కొట్టేసేవారు. అది ఒక కొలిక్కి వచ్చేసరికి ఫోన్ మాటలు చవకైపోయి జనం రింగులివ్వడమే మానేశారు. తర్వాత మెసేజీలొచ్చాయి, వీడియోలొచ్చాయి. కొత్త వివరాలు ఇవ్వమంటే కంపెనీ ఇవ్వనంది. "నేను లెక్క కట్టేలోపు మనుషులు మారిపోతున్నారే, కాస్త ఆగమని చెప్పు" అని నవ్వేవారు. పీహెచ్‌డీకి పొడిగించిన గడువు కూడా అయిపోయింది. ఆవిడ దగ్గరే చదువుకున్న ఒకాయన హెడ్డు అయ్యారు. ఆవిడ ఆయన గదికే వెళ్లి, నిలబడే టీ తాగుతూ కబుర్లు చెప్పేవారు. నాకు మాత్రం ఆ గది ముందు నుంచి నడవాలంటే ఒళ్లు మండేది. ఆయన మీద కాదు, ఆవిడ మీదే.

ఆ తర్వాత ప్రతి బ్యాచికీ ఆవిడ మొదటి పాఠం మారిపోయింది. ఆ ఉప్పాడ అంకెలే ఇచ్చి, "ఇందులో ఏది తీసేద్దాం?" అని అడిగేవారు. క్లాసంతా సున్నాలు అనేది. "తీసేసే ముందు అదెవరో అడగండి" అని, ఎసరు కథ చెప్పేవారు. నేనిప్పుడు కాకినాడలో ఒక నెట్‌వర్క్ ఆఫీసులో పని చేస్తున్నాను. ఇది పనికిరాని డేటా, తీసేయండి అని ఎవరైనా అంటే నా చెయ్యి వెంటనే కదలదు. ఆఫీసులో నాది చాదస్తం అంటారు. అననీయండి.

ఒంట్లో బాలేదని తెలిసి కిందటి నెల మేడమ్‌ని చూడ్డానికి వెళ్లాను. మంచం మీద కూడా కాళ్లు ఆడిస్తూనే ఉన్నారు. "ఇప్పుడు జనం ఎలా ఆగుతున్నారే?" అని అడిగారు. "ఆగట్లేదండి, వీడియో ఒక్క క్షణం ఆగితే చాలు, తిప్పేసి ఇంకోదానికి పోతున్నారు" అన్నాను. నవ్వారు. ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న మాట అప్పుడు అడిగేశాను, ఆ డిగ్రీ రాలేదని ఎప్పుడూ బాధ లేదా అని.

"ఎందుకుండదే? ఆ గౌను వేసుకుని అమ్మ పక్కన నిలబడి ఫొటో దిగాలని ఎంత ఉండేదో నీకేం తెలుసు" అన్నారు. దుప్పటి లాక్కుని, "మనది కానిది వేసుకుంటే దురద పెడుతుందమ్మా" అని గోడ వైపు తిరిగారు. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మొన్న కాలేజీలో సంతాప సభ పెట్టారు. హాల్లోకి వెళ్లేసరికి వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. నవ్వుతున్న ఫొటో, కింద ఆవిడ పేరు, పేరు ముందు ఎర్రటి అక్షరాల్లో 'డాక్టర్'. ఇన్నేళ్లూ నేను చూడాలనుకున్నదే.

హెడ్డు గారి దగ్గరికి వెళ్లి, అది ఉండకూడదన్నాను. ఆయన నొచ్చుకున్నారు. "గౌరవం కొద్దీ నేనే వేయించానమ్మా. పోయినావిడకి ఆమాత్రం ఇస్తే తప్పేంటి?" ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఆయనకీ ఆవిడంటే ప్రాణమే. ఆఫీసు గదిలోంచి తెల్ల కాగితం, టేపు తెచ్చి కుర్చీ ఎక్కాను. మేడమ్ చెల్లెలు ఒక్క మాట అడక్కుండా వచ్చి కుర్చీ పట్టుకున్నారు. 'డాక్టర్' మీద కాగితం అంటించి దిగాను. సభ మొదలైంది. పై నుంచి ఫ్యాను గాలి. టేపు ఊడి కాగితం ఒక పక్క లేచింది, ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి. మళ్లీ ఎక్కి నొక్కాను. మళ్లీ లేచింది.

అందరూ వరుసగా మాట్లాడారు. నా పేరు పిలిచినప్పుడు మైకు దగ్గరికి వెళ్లలేకపోయాను. సభకి వీపు పెట్టి, కుర్చీ మీద నిలబడి, ఆవిడ పేరు ముందున్న ఆ తెల్ల కాగితాన్ని అరచేత్తో అదిమి పట్టుకుని ఉన్నాను.