సాల్వియా గడ్డిలో పట్టుకున్న జ్వరం

ఆ ఆదివారం సాల్వియా మొక్కలకి ఎండిన పూలకాడలు కత్తిరిస్తుంటే ఒక్కసారిగా వణుకు పుట్టింది. అరకు చలి అనుకున్నాను. ఎండలో నిలబడినా తగ్గలేదు.

ఏళ్ల తరబడి బతికే నీలం పూల సాల్వియా అది. వానలకి మొక్కల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగినా పట్టించుకోలేదు. ఆ గడ్డిలోనే కూర్చుని కొమ్మలు నాటేదాన్ని. పక్క వాటాలో ఉండే మా పెద్ద తోటికోడలు రోజూ సణిగేది. "ఏటే ఈ తుప్పలు? పాములకి ఇల్లు కడతన్నావేటి?" ఆవిడ వద్దన్నదని ఇంకో వరస నాటాను.

ఆ వణుకు జ్వరంలోకి దిగింది. అరకు ఆసుపత్రిలో మలేరియా టెస్ట్ నెగటివ్. "వైరల్ ఫీవర్" అని పారాసెటమాల్ ఇచ్చి పంపేశారు. ఐదో రోజుకి తలనొప్పితో కళ్లు తెరవలేకపోయాను. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

"ఒంటి మీద ఎక్కడైనా నల్లగా చెక్కు కట్టిన పుండు ఉందా అమ్మా?" అని అడిగారు డాక్టరు.

లంగా బొందు కింద ఒకటి ఉంది. బొందు రాపిడి అనుకున్నాను. పైగా మంచం పక్కన తోటికోడలు నిలబడి ఉంది. ఆవిడ ముందు బొందు విప్పడమా? "లేదండీ" అన్నాను. మర్నాడు మళ్లీ అడిగారు. మళ్లీ లేదన్నాను.

ప్లేట్‌లెట్స్ పడిపోయాయి. ఊపిరి అందక ఆక్సిజన్ పెట్టారు. ఒళ్లు తెలియకుండా పడి ఉన్న నాకు లంగా మార్చబోయి, తోటికోడలే ఆ పుండు చూసి కేకలు పెట్టిందట. "సిస్టరమ్మా, బేగి రండి! ఇదేటో నల్లగా ఉంది!"

"ఎస్కార్. ఇది స్క్రబ్ టైఫస్," అన్నారు డాక్టరు. "గడ్డిలో ఉండే సన్నటి పురుగు కుట్టిన చోటు. ముందే చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

డాక్సీసైక్లిన్ మందు మొదలుపెట్టిన మూడో రోజుకి జ్వరం దిగింది. కానీ ఇంటికొచ్చేసరికి సాల్వియా లేదు. ఆవిడ నేలమట్టంగా కొట్టించేసింది. నాకు నిలబడే ఓపిక లేకపోయినా తిట్టే ఓపిక మాత్రం వచ్చింది.

"బతికించినాను కదే, ఇంకేటి కావాల నీకు?" అంది.

ఆ మాట నిజమే. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.

నరికిన మొదళ్ల నుంచే చిగుళ్లొచ్చి, ఇప్పుడు సాల్వియా మునుపటికంటే గుబురుగా పూస్తోంది. ఆ సంగతి ఆవిడతో అనను. గడ్డి మాత్రం పెరగనివ్వను. కాళ్లూ చేతులూ నిండుగా కప్పుకునే తోటలోకి దిగుతాను. ఆవిడ సణుగుడులో సగం నిజముందని పైకి ఒప్పుకోవడం నా వల్ల కాదు.

జ్వరమొస్తే బొందు కింది మచ్చనైనా డాక్టరుకి చూపించండి. పక్కన గిట్టనివాళ్లుంటే బయటికి పంపించండి. లేకపోతే నాలాగా, వాళ్ల పుణ్యాన బతికానని రోజూ వినాల్సి వస్తుంది.