జరగమ్మ

ఏడున్నర బస్సులో ఆవిడకి అందరూ పెట్టిన పేరు జరగమ్మ. దర్జీ కొట్టులో కాజాలు కుట్టే మనిషి కాబట్టి అంగుళం విలువ ఆవిడకి తెలుసు. ఇద్దరు కూర్చున్న సీటు అంచున ముందు చేతిసంచీ పెడుతుంది. తరవాత సంచీని ఒళ్లోకి తీసుకుని ఆ జానెడు చోటులో తాను కూలబడుతుంది. ఇక మొదలు: "కాస్త జరగండి అన్నయ్యా... ఇంకాస్త." మూడో స్టాపు వచ్చేసరికి ఆవిడ కాళ్లు బార్లా చాపుకుని ఉంటుంది, వాళ్లిద్దరూ కిటికీకి అతుక్కుపోయి ఉంటారు.

మొన్న మాత్రం కొండలాంటి పెద్దమనిషి ఒకాయన సీటంతా నిండిపోయి గురక పెడుతున్నాడు. ఆవిడ గొంతెండేలా బతిమాలినా కదల్లేదు. ఇంతలో డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. అంచున వేలాడుతున్న జరగమ్మ దభీమని కిందపడింది. సంచీలోని గుండీలు బస్సంతా దొర్లాయి. కండక్టరు పరుగెత్తుకొచ్చి, "అయ్యయ్యో, ఏం జరిగిందమ్మా?" అన్నాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని పెద్దమనిషిని చూపించింది. "ఎక్కడ జరిగారు బాబూ! అరగంట నుంచి మొత్తుకుంటున్నా, అంగుళం జరగలేదు!" బస్సంతా గొల్లుమంది. ఆ నవ్వులకి పెద్దమనిషి ఉలిక్కిపడి లేచి, "ఏంటి, ఏం జరిగింది?" అన్నాడు. జరగమ్మ గుండీలు ఏరుకుంటూనే చెప్పింది: "మీరు తప్ప అన్నీ జరిగాయి అన్నయ్యా!"