వంతెన దాటాక రెండో గేరు

బస్సు కదలగానే ఆమె చెప్పులు విడిచి సీటు కిందికి తోసేస్తుంది. ప్రయాణికుల వైపు తిరిగి, ఉత్తికాళ్ళతో గట్టిగా నిలదొక్కుకుని, అప్పుడు మొదటి టికెట్టు ఇస్తుంది. ఈ అలవాటు పరుగు పందెం పుణ్యమా అని వచ్చింది.

కండక్టరుగా ఆమెది ఏళ్ళ తరబడి ఒకటే రూటు. ఊళ్ళో జరిగే సుదూర పరుగు పందెం కూడా ఆ రోడ్డు మీదే. అందుకే తను పందెంలో దిగిన తొలి ఏడు, ముందు దారి చూసుకుందాం పద అని ఆడపడుచు అంటే నవ్వేసింది. తన రూటు తనకు కొత్తా? తీరా వంతెన దాటాక, ఆస్పత్రి గోడ పక్కన ఊపిరందక కూలబడింది. ఆగిపోయినవాళ్ళ కోసం వెనకాలే వచ్చే వ్యాను ఆమెను ఎక్కించుకుపోయింది.

"కండక్టరువై ఉండి టికెట్టు లేకుండా ఎక్కావా?" అన్నాడు మొగుడు. డిపో అంతా అదే పాట. పైకి నవ్విందే గానీ, ఆ మాట ముల్లులా దిగబడింది. మరుసటి ఏడు ఎలాగైనా ముగింపు గీత దాకా తన కాళ్ళమీదే వెళ్ళాలనుకుంది.

ఈసారి పందానికి పది రోజుల ముందు, తనే ఆడపడుచును నిద్రలేపి సైకిలెక్కించి, పక్కన పరుగందుకుంది. ఆస్పత్రి గోడ మొదలయ్యేసరికి ఆ పిల్ల సీటు మీంచి లేచి తొక్కుతోంది.

"చదును రోడ్డుకే అంత ఆయాసమా?" అందామె.

"చదునా? నా తొడల్నడుగు వదినా, చెబుతాయి."

ఆమె ఆగి వెనక్కి చూసింది. వంతెన ఎక్కడో కింద ఉంది. రోజూ బస్సులో వెనక్కి తిరిగే నిలబడుతుంది గానీ, కనబడేది జనం తలలే. సరిగ్గా ఇక్కడే రోజూ కాలివేళ్ళు మండేవి. చెప్పులు బిగుతని దుకాణంవాణ్ణి తిట్టి, దుకాణమే మార్చేసింది. బస్సు ఎత్తు ఎక్కుతుంటే ఒంటి బరువంతా వేళ్ళమీద పడుతోందన్నమాట! రోడ్డు పక్కనే చతికిలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

మర్నాడు బస్సులో చెప్పులు విడిచేసింది. బరువు వేళ్ళమీదికొస్తే ఎత్తు, మడమల మీదికొస్తే పల్లం. సంగతి విన్న డ్రైవరన్నకు ఎక్కడలేని హుషారొచ్చింది. వంతెన దాటగానే "రెండో గేరు!" అంటూ, గేరు మార్చినప్పుడల్లా కేకేసి చెప్పేవాడు. రెండ్రోజుల్లో ప్రయాణికులూ గొంతు కలిపారు. వారం తిరిగేసరికి దారంతా ఆమె అరికాళ్ళలోకి దిగిపోయింది.

పందెం నాడు వంతెన దిగగానే పరుగు తగ్గించింది. పక్కవాళ్ళు రయ్యిన దాటిపోతుంటే ప్రాణం ఉసూరుమంది. అయినా, రెండో గేరు, రెండో గేరు అనుకుంటూ ఓర్చుకుంది. గోడ సగానికొచ్చేసరికి దాటిపోయినవాళ్ళు నడుం పట్టుకుని నడుస్తున్నారు. ఒక్కొక్కరినీ వెనకేసుకుంటూ పోయింది. ఎత్తు ముగిసేచోట డ్రైవరన్న నిలబడున్నాడు.

"ఇక టాపు గేరే చెల్లెమ్మా!"

ఆ తర్వాత కాళ్ళు ఆమె మాట వినలేదు, వాటంతటవే ఉరికాయి. గీత దాటి చూస్తే, వ్యాను కనుచూపు మేరలో లేదు.

ఇప్పటికీ ఆమెది అదే రూటు, పొద్దుటి షిఫ్టు. చెప్పులు మాత్రం మళ్ళీ పాత దుకాణంలోనే కొంటోంది.