మేం చూడని ఫైనల్

పెళ్లయ్యాక మా ఆయనకూ నాకూ వచ్చిన మొదటి పెద్ద తగాదా క్రికెట్ గురించి. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఆ తగాదాలో నేను ఇప్పటికీ వెనక్కి తగ్గలేదు.

అప్పట్లో నేను నాచారంలో ఒక మందుల కంపెనీలో పనిచేసేదాన్ని. మాత్రల పట్టీలను డబ్బాల్లో సర్దే ప్యాకింగ్ సెక్షన్ మాది, అందరం ఆడవాళ్లమే. మా ఆయన ఆ పక్క వీధిలోనే ఇనుప సామాన్లు తయారుచేసే కంపెనీలో లేత్ మిషన్ మీద ఉండేవాడు. ఇద్దరం జనగామ వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో ఒక చిన్న పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. ఉప్పల్‌లో పెద్ద స్టేడియం అప్పటికి కొత్త. టీవీలో ఆటగాళ్లను వేలంపాట పాడి కొనుక్కునే లీగు కూడా అప్పుడప్పుడే మొదలైంది. అది చూసి మా పారిశ్రామికవాడ ఓనర్లకూ ముచ్చట పుట్టింది. తమ తమ కంపెనీల్లో బాగా ఆడే పనివాళ్లను ఏరి టీములు కట్టారు, రంగు బనీన్లు కుట్టించారు, నిజమైన తోలు బంతి తెప్పించారు. షామియానా కింద సోఫాల్లో కూర్చుని, టీవీలో ఓనర్ల లాగే లేచి చప్పట్లు కొట్టేవాళ్లు.

ఓనర్ల సంగతి ఎలా ఉన్నా, ఆ లీగుకు అసలు ప్రాణం మా ప్యాకింగ్ ఆడవాళ్లమే. ఆదివారం పొద్దున్నే ఇంటిపని ముగించుకుని పులిహోర డబ్బాలతో గ్రౌండుకు చేరేవాళ్లం. మా టీము పసుపు బనీన్లు, మా ఆయన వాళ్లవి నీలం. ఆట ఉన్న రోజు మా ఇంట్లో కూర ఎవరి టీము గెలిస్తే వాళ్లకు నచ్చింది వండాలని ఒప్పందం. మా టీములో బాయిలర్ దగ్గర పనిచేసే ఒకన్న ఫాస్ట్ బౌలింగ్ వేసేవాడు. సిద్దిపేట వైపు మనిషి. బంతి వదిలేముందు గాల్లోకి ఎగిరేవాడు. ఆ ఎగురుడుకే మేం ఈలలు వేసేవాళ్లం. ఈల వేయడం నాకు మా నాన్న నేర్పాడు, గేదెలను మళ్లించడానికి.

సెమీఫైనల్లో ఆ అన్న ఒక క్యాచ్ కోసం బౌండరీ దాకా పరిగెత్తాడు. క్యాచ్ పట్టాడు, కానీ ఆగలేకపోయాడు. గ్రౌండు అంచున ఉన్న మోరీ కాల్వ గట్టుకు మోకాలు కొట్టుకుంది. లేవలేకపోయాడు. మ్యాచ్ మేమే గెలిచాం. ఓనరు గెలిచిన టీముతో ఫొటో దిగుతుండగా అన్నను ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లారు.

మోకాలికి ఆపరేషన్ చేయాలన్నారు. కంపెనీ మేనేజరు మాత్రం, అది డ్యూటీలో తగిలిన దెబ్బ కాదు, ఆదివారం సరదాగా ఆడుకుంటూ పడ్డాడు, దానికి కంపెనీకి సంబంధం లేదు అన్నాడు. అన్న రాని రోజులకు జీతం లేదు. బాయిలర్ దగ్గరికి వేరే మనిషిని పెట్టేశారు కూడా.

ఆ మాట బయటికి రాగానే మా టీము వాళ్లు ఫైనల్ ఆడేది లేదన్నారు. మరునాటికి, ఫైనల్లో మాతో ఆడాల్సిన నీలం టీము కూడా అదే మాట అంది. గ్రౌండులో దెబ్బ తగిలితే పనిలో తగిలినట్టే చూడాలి, ఆ మాట అన్ని కంపెనీలూ ఒప్పుకుంటేనే బ్యాటు పట్టుకుంటాం. అదీ వాళ్ల పట్టు.

ఇక చూడండి, నాచారం అంతా రెండు ముక్కలైంది. చాయ్ హోటళ్లలో, క్యాంటీన్లో, బస్సులో అదే గొడవ. మా ఇంట్లో అన్నం దగ్గర మొదలైంది.

"ఆట ఆటే, పని పనే. బ్యాటు పట్టుమని ఎవలన్న మెడ మీద కత్తి పెట్టిన్రా?" అన్నాడు మా ఆయన.

"మరి బనీను మీద ఎవరి పేరుంది?" అన్నాను.

"పేరుంటే? ఫుకట్‌ల బనీనిచ్చిన్రు, బూట్లిచ్చిన్రు. గింత జేసినోళ్ల మీదనే తిరగబడుతరా?"

"గెలిస్తే కప్పు కంపెనీది, పడితే కాలు వానిదా? గదేం లెక్క?"

"నీకేం దెల్వది. రేపు ఉద్యోగాలు పోతే ఎవరొస్తరు? నువ్వు ఈలలేస్తే వస్తయా?"

నేను కంచం తీసుకుని లేచి వంటింట్లో కూర్చుని తిన్నాను. ఆయనకు ఉద్యోగం పోతుందన్న భయం ఉందని నాకు తెలుసు. కానీ భయాన్ని న్యాయం లాగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

బస్సులో ఇంకో రకం గొడవ. నా పక్కన కూర్చునే అక్కది తెనాలి దగ్గర ఊరు. మా సెక్షన్లో నాకంటే సీనియర్. క్రికెట్ అంటే నాకంటే పిచ్చి. ఆవిడ ఆటగాళ్లనూ తిట్టింది, ఓనర్లనూ తిట్టింది.

"వాళ్లిద్దరి కొట్లాట సరే. మరి మన సంగతేంటి? వారమంతా నడుం వంచి పనిచేసేది ఆ ఒక్క ఆదివారం కోసం. ఫైనల్ ఆడేసి ఆ తర్వాత పోట్లాడుకోవచ్చుగా!" అంది.

"ఫైనల్ అయినంక వాళ్ల మాట ఎవరింటరక్కా?" అన్నాను.

వెనక సీట్లో ఒకాయన "ఓనరు మీవోడే గద, గందుకే అట్ల మాట్లాడుతున్నవ్" అన్నాడు. ఆ రోజుల్లో ఏ మాటైనా చివరికి ఆంధ్రా, తెలంగాణ గొడవ దగ్గరికే చేరేది. అక్క గిరుక్కున తిరిగింది.

"మావాడా? మావాడైతే నాకు నిలబడి పనిచేసే చోట ఒక స్టూలన్నా వేయించాడా? నేను మాట్లాడేది క్రికెట్ గురించి. నోరు మూసుకుని కూర్చో" అంది. బస్సంతా నవ్వారు.

ఒక సాయంత్రం అక్కా నేనూ మౌలాలిలో ఆ అన్న ఉండే గదికి వెళ్లాం. ఆడమని ఆ అన్నే స్వయంగా చెబితే టీము వింటుందని అక్క ఆలోచన. అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కట్టు కట్టిన కాలు దిండు మీద ఉంది. మమ్మల్ని చూడగానే లేవబోయి ఆగిపోయాడు.

అక్క ఇంకా నోరు తెరవకముందే ఆయనే అన్నాడు: "అక్కా, జర మీరన్న చెప్పున్రి వాళ్లకు. నా కోసం ఫైనల్ ఎందుకు పాడు జేస్కుంటరు? ఆడున్రని నేనే చెప్పిన, ఇంటలేరు. నా పాడు కాలు వల్ల ఇంత మంది పనికి ఎసరొస్తే నేను మొకమెట్ల సూపియ్యాలె?"

అక్క వచ్చింది సరిగ్గా ఆ మాట అనిపించడానికే. కానీ ఆ మాట ఆయన నోట వినగానే ఆవిడ ముఖం మారిపోయింది.

"నీ కాలు పాడైంది, నువ్వు సిగ్గుపడడమేంటి?" అంది. "వాళ్లకు లేని సిగ్గు నీకెందుకు? ఆడకూడదు. ఒక్కడు కూడా ఆడకూడదు."

తిరిగి వచ్చి ఆటో దిగాక ఆవిడ "అమ్మాయ్, మనమేం చేద్దాం?" అని అడిగింది.

మేం ఏం చేయాలో ఓనర్లే చూపించారు. సికింద్రాబాద్ వైపు క్లబ్బుల్లో ఆడేవాళ్లను మాట్లాడి, రెండు టీములకూ అవే పసుపు, నీలం బనీన్లు తొడిగించారు. అతిథులను పిలిచారు. గ్రౌండు బోసిగా ఉంటే బాగుండదు కనుక మాకు బస్సులు పెట్టారు, బిర్యానీ పెడతామన్నారు. పైగా సూపర్‌వైజరు వచ్చి "అందరూ తప్పకుండా రావాలి" అన్నాడు.

"వస్తాం సార్" అంది అక్క.

వెళ్లాం. ఎప్పుడూ కూర్చునే చోటే బట్టలు పరుచుకున్నాం. కాకపోతే పిచ్‌కు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చున్నాం. ప్యాకింగ్ మొత్తం. మమ్మల్ని చూసి వాషింగ్ సెక్షన్ వాళ్లు తిరిగారు. తర్వాత మగవాళ్లలో కూడా ఒక్కొక్కరే తిరిగారు. ఆట మానేసిన మా టీము కుర్రాళ్లు గేటు బయట నిలబడి అది చూసి టోపీలు, తువ్వాళ్లు గాల్లోకి ఊపారు.

నిజం చెప్పాలంటే అంత కష్టమైన పని నేను ఎప్పుడూ చేయలేదు. చూడకపోయినా చెవులు ఊరుకోవు కదా. బంతి బ్యాటుకు తగిలిన చప్పుడును బట్టే ఫోరో కాదో తెలిసిపోతోంది. ఒకసారి టక్కుమని గట్టి దెబ్బ వినపడింది. మెడ దానంతటదే తిరగబోయింది. అక్క నా చెయ్యి గిల్లింది. చూస్తే ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది.

అంతలో మా ఆయన వచ్చాడు. నా పక్కనే, కానీ పిచ్ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఆయన అటు, నేను ఇటు. భుజాలు తగులుతున్నాయి.

"మీ పసుపోళ్లది వికెట్ పడ్డది" అన్నాడు.

"వాళ్లు మావోళ్లు కాదు" అన్నాను.

"మస్తు బాలేసిండు. ఒక్కసారి సూడవే."

"చెప్పకు. నేను అడిగిన్నా?"

కాసేపటికి ఒక సిక్సర్ వచ్చి మా మధ్యలోనే పడింది. బంతి దొర్లుకుంటూ వచ్చి నా చీర కుచ్చిళ్ల దగ్గర ఆగింది. ఎవరమూ ముట్టుకోలేదు. మామూలుగా అయితే ఆ బంతి విసరడానికి మాలో మేమే కొట్లాడుకునేవాళ్లం. ఫీల్డరు, మీసాలు నెరుస్తున్న మనిషి, పరిగెత్తుకుంటూ వచ్చి "బంతి ఇయ్యమ్మా" అన్నాడు. మేం కదల్లేదు. ఆయన మా వీపులన్నీ ఒకసారి చూశాడు. వంగి బంతి తీసుకుని, "మాకు సంగతి చెప్పకుండ తోలుకొచ్చిన్రమ్మా" అని మెల్లగా అని వెళ్లిపోయాడు.

మైకులో కామెంటరీ చెప్పేవాడు "చప్పట్లు, చప్పట్లు" అని అరుస్తూనే ఉన్నాడు. షామియానా కింద నుంచి తప్ప ఎక్కడా చప్పట్లు లేవు. ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయనకు తెలుసు, నేను అడగలేదు. బిర్యానీ కూడా ఎవరమూ తినలేదు.

ఆ వారంలోనే ఓనరు స్వయంగా ప్యాకింగ్ హాల్లోకి వచ్చాడు. నా టేబుల్ దగ్గర ఆగి, "ఏమ్మా, బస్సు పెట్టాం, భోజనాలు పెట్టాం. అయినా ఆట చూడలేదేం?" అన్నాడు.

చేతిలో ఉన్న పట్టీని డబ్బాలో పెట్టాను. "మేం ఎవల్ని సూస్తమో వాళ్లు ఆడలేదు కద సార్. ఇంకేం జూడాలె?" అన్నాను.

మరునాడు నన్ను సీసాలు కడిగే సెక్షన్లో వేశారు. వెళ్లాను. అక్కడ తడికి వేళ్లు పాసిపోయేవి గానీ, మాట్లాడుకోవడానికి మంది దొరికారు.

అన్న ఆపరేషన్ ఖర్చు కంపెనీయే పెట్టుకుంది. "దయతలచి ఇస్తున్నాం" అన్నారు. ఉద్యోగం పోలేదు, స్టోర్సులో కూర్చుని చేసే పని ఇచ్చారు. కానీ ఆటగాళ్లు అడిగిన అసలు మాట, అందరికీ వర్తించే నియమం, దానికి మాత్రం ఓనర్లు ఒప్పుకోలేదు. దానికి బదులు లీగునే ఎత్తేశారు. అన్న మళ్లీ బౌలింగ్ వేయలేదు.

లీగు పోయినందుకు తిట్లు మాకే వచ్చాయి. ఒకరోజు ఉప్పల్ బస్‌స్టాప్‌లో మా ఆయనతో పనిచేసే ఒకతను నా ముందే అన్నాడు: "మీ ప్యాకింగ్ ఆడోళ్ల జిద్దు వల్ల ఆట మొత్తం బందైంది."

నేను జవాబు చెప్పబోయాను. అంతలో మా ఆయన అందుకున్నాడు.

"బంద్ జేసింది ఓనర్లు. నా పెండ్లాం ఉత్తగ కూసున్నది, అంతే" అన్నాడు.

అతను నవ్వి వెళ్లిపోయాడు. ఇంటికి నడుస్తుంటే నేను ఆయన ముఖంలోకి చూశాను.

"ఊకె సంబరపడకు" అన్నాడు. "నీది తప్పని నేనిప్పటికీ అంట."

"అను" అన్నాను. "మళ్లా అట్లనే జేస్త."