రష్యా బాబాయి ఎత్తులు

మొన్న గుంటూరులో మిర్చి యార్డు పక్కగా ఆటోలో వెళుతుంటే గాలి మా వైపు తిరిగింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే తుమ్ముల మీద తుమ్ములు, కళ్లంట ధారలు. "ఏంటి మామ్మగారూ, ఊరికి కొత్తా?" అన్నాడు ఆటో అబ్బాయి. కొత్తేమిటి నా మొహం, పుట్టి పెరిగిందంతా ఈ ఘాటులోనే. ఇది తగిలితే అందరికీ పచ్చడి గుర్తొస్తుంది, నాకు చదరంగం గుర్తొస్తుంది. దాంతోపాటే సుభద్రమ్మగారు గుర్తొస్తారు. ఇక ఆ రోజంతా నా ఉత్సాహాన్ని పట్టడం ఎవరి తరమూ కాదు.

యాభైల చివర్లో, పిడుగురాళ్ల దారిలో ఉన్న ఒక చిన్న టౌనులో, ఆడపిల్లల బళ్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. సుభద్రమ్మగారింట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. భర్త పోయాక పత్తి, మిరప చేలన్నీ ఆవిడే దగ్గరుండి చేయించుకునేవారు. వీధి చివరున్న పాలేరును వంటింట్లోంచి కేకేస్తే వాడు పరిగెత్తుకు రావలసిందే. భర్త నేర్పిన చదరంగమంటే ఆవిడకు ప్రాణం. ఆయన పోయాక ఎదురుగా కూర్చునే మనిషి లేక పావులన్నీ పెట్టెలో పడి ఉన్నాయి. నేను సామాను దించుకుంటుండగానే వచ్చి నిలబడ్డారు.

"ఏమ్మా పంతులమ్మా, ఇంగ్లీషు చదువుతావా?"

"చదువుతానండీ."

"చదరంగం వచ్చా?"

"రాదండీ."

"అది నేను నేర్పుతాలే. ఇంగ్లీషు రాకపోతేనే నాకు చిక్కు."

ఆ చిక్కేమిటో ఆదివారం తెలిసింది. మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపర్లో ఒక ప్రపంచ ఛాంపియన్ పాత ఆటల్ని వారానికొకటి వేసేవాళ్లు. ఆయనది రష్యా. పేరు మా ఇద్దరికీ నోరు తిరగలేదు. సుభద్రమ్మగారు ఆయన్ని చక్కగా 'రష్యా బాబాయి' చేసేశారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అరుగు మీద మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఆవిడ, పేపరు పట్టుకుని నేను, మధ్యలో చదరంగం బల్ల. ఎదుటివాడి ఎత్తు చదవగానే "ఆగు" అనేవారు. ఎర్రబడ్డ అరచేతిని పేపరు మీద పెట్టి, తర్వాతి ఎత్తు కనపడకుండా మూసేసేవారు.

"బాబాయి ఏం చేశాడో పేపరోడు చెప్తాడు. నువ్వైతే ఏం చేస్తావ్? ఎందుకు చేస్తావ్?"

కారణం చెప్పందే చెయ్యి తీసేవారు కాదు. తోచింది చెప్పేస్తే ఒప్పుకునేవారు కాదు. ఒకసారి ఆవిడ పట్టుకున్న గుర్రాన్ని నేనూ పట్టుకుని, ఆలోచనలో పడి కన్ను నులుముకున్నాను. ఇక చూడండి, నిప్పు కణిక పెట్టినట్టు మండింది. లబోదిబోమంటుంటే నీళ్లచెంబు అందించి, "ఒక్క కన్నేగా మండేది, రెండోదాంతో చూసి చెప్పు" అన్నారు. కోపం తన్నుకొచ్చింది. కానీ చెప్పాను, అదే సరైన ఎత్తు. బాబాయి వేసిందీ నేను చెప్పిందీ ఒకటే అయిన ఆ క్షణంలో అరుగు మీద గెంతాను.

గెంతంటే గుర్తొచ్చింది. మా వైపు ఆటలో రాజు ఒక్కసారికి మాత్రం గుర్రంలా గెంతవచ్చు. ఒక ఆదివారం ఆటలో ఒకచోట రెండు సున్నాలు వేసి ఉన్నాయి. ఎత్తేమిటో అర్థం కాలేదు. "ఇంకేముంది, రాజును గెంతించి ఉంటాడు" అని సుభద్రమ్మగారు తేల్చేశారు. అలాగే పెట్టి ముందుకు వెళితే, ఎదుటివాడి శకటు దారిలో మా రాజు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వాడేమో పట్టించుకోడు! మొత్తం విప్పి మళ్లీ పెట్టాం, మళ్లీ అదే చిక్కు. చివరికి రాజు పక్కకు జరిగి, ఏనుగు అతని మీదుగా అవతలకు వస్తేనే ఎత్తులన్నీ అతుకుతాయని కనిపెట్టాం. ఆ రెండు సున్నాలకు అర్థం అదేనని మాకెవరూ చెప్పలేదు. ఆవిడ పట్టరాని ఆనందంతో "కోటలో దాక్కున్నాడే గడుగ్గాయి!" అని అరిస్తే, పాలేరు దొంగెవడో దొరికాడనుకుని కర్ర పట్టుకుని వచ్చాడు.

మా ఊరి రీడింగ్ రూములో ఏటా చదరంగం పోటీలు జరిగేవి. రంగారావు ప్లీడరు గారు దానికి సెక్రటరీ, అక్కడి విజేతా ఆయనే. సుభద్రమ్మగారు పేరు ఇవ్వడానికి వెళితే ఆయన నసిగారు.

"మీరు పెద్దవారు. మీమీద గెలిస్తే మాకు బాగుండదు, ఓడితే అసలే బాగుండదు. పైగా ఇప్పుడు పేపరు రూల్సండీ, ఇంట్లో ఆడుకునే ఆట కాదు."

"మా పంతులమ్మకు పేపరు రూల్సే వచ్చు. దాంతో ఆడండి చూద్దాం."

ప్లీడరు గారు నవ్వి ఒప్పుకున్నారు. నేను గెలిస్తే ఇకమీదట ఆడవాళ్ల పేర్లూ తీసుకుంటారు. ఓడితే మళ్లీ ఆ మాట ఎత్తకూడదు. "మీరే ఆడతానని పట్టుబట్టండి పిన్నిగారూ" అని బతిమాలాను. "రూలు నాకు తెలుసమ్మా, చెయ్యి మాట వినదు. కంగారులో పాత గెంతు గెంతేస్తుంది" అన్నారు నిజాయితీగా.

ఆ సాయంత్రం రీడింగ్ రూము కిటికీలన్నీ తలకాయలే. ఒక కిటికీ దగ్గర సుభద్రమ్మగారు. బాబాయి ఆట ఒకటి నాకు కంఠతా వచ్చు గనక ధీమాగా మొదలుపెట్టాను. కాసేపటికే ప్లీడరు గారు ఆ ఆటలో లేని ఎత్తు వేసి నా బంటును కొట్టేశారు. పోయినదానికి బదులు ఆయన బంటును కొట్టడానికి చెయ్యి చాచబోయి ఆగాను. 'ఎందుకు చేస్తావ్?' అన్న అరుగు మీది ప్రశ్న గుర్తొచ్చింది. ఆయన బంట్ల వేటలో పడి రాజును ఇంకా నట్టనడుమే ఉంచారు. అదిగో, దొరికింది! ఇంకో బంటును కూడా ఇచ్చేసి దారి తెరిచి, ఏనుగును ఆ రాజుకు ఎదురుగా తెచ్చి నిలబెట్టాను. మధ్యలో ఆయన శకటు ఒక్కటే అడ్డం.

ప్లీడరు గారికి చెమటలు పట్టాయి. చటుక్కున రాజును తీసి గుర్రంలా గెంతించి హమ్మయ్య అన్నారు. నేను నోరు తెరిచే లోపలే చుట్టూ ఉన్న పెద్దమనుషులంతా తలలూపారు. చిన్నప్పటి నుంచీ అందరూ ఆడిన ఆట అదే కదా! అప్పుడు కిటికీలోంచి కేక వినపడింది.

"అది మనూరి గెంతండీ ప్లీడరు గారూ! పేపర్లో లేదు!"

గది గొల్లుమంది. ఆయన నాలుక్కరుచుకుని రాజును వెనక్కి పెట్టారు. ముట్టుకున్న పావునే కదపాలి గనక, మిగిలిన ఒకే ఒక్క గడిలోకి జరిపారు. తర్వాత మూడు ఎత్తుల్లో ఆటకట్టు. పెద్దమనిషి, లేచి నాకు నమస్కారం పెట్టి, "అందరి పేర్లూ రాసుకుంటామమ్మా" అన్నారు.

మరుసటి ఏడు పోటీలకు మొదటి పేరు సుభద్రమ్మగారిదే. ఏడాదంతా నాతో ఆడి ఆడి చేతికి బుద్ధి చెప్పుకున్నారు. చీటీల్లో ఆవిడ ఎదురుగా నా పేరే వచ్చింది. కొంచెమైనా కనికరిస్తారనుకున్నాను. ఎక్కడ! నిలువునా ఓడించారు. ఆట అయిపోయినా ఆవిడ లేవలేదు. తర్వాతి వాళ్లు నిలబడి ఉన్నారని ప్లీడరు గారు మెల్లగా గుర్తుచేశారు.

"కాసేపు కూచోనివ్వు బాబూ. ఎన్నేళ్లకు దొరికిందీ కుర్చీ!" అన్నారావిడ.

నా ఏడుపు ఆగలేదు, అంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు. ఆ తర్వాత చాలా ఆటలు గెలిచాను, దాదాపు అన్నీ మరిచిపోయాను. ఆ ఓడిన ఆట మాత్రం మొదటి ఎత్తు నుంచి చివరి ఎత్తు దాకా ఇప్పటికీ కంఠతా వచ్చు.