మస్తాన్ సాయబు కారుకు నేను కుక్కిన గోనెసంచి

నవ్వేటోళ్లు ముందు టీ తాగేసి నవ్వండయ్యా, పొలమారుతాది. కారు కాగిందని ఏడ్చే డ్రైవర్లను చూసింటారు. కాగలేదని ఏడ్చినోన్ని చూసినారా? ఇదిగో, నేనే! ఏడ్చి, నా చేతులతో నేనే కాగబెట్టి, ఆఖరికి మస్తాన్ సాయబు కారును ఎద్దుల చేత ఈడ్పించినా.

సాయబు సంగతి మీకు తెలిసిందే గదా, పలకల వ్యాపారం. నా పెండ్లికి ముందు నుంచీ ఆయన కారు తోలేది నేనే. ఉత్త వరస కలుపుకొని ఆయన్ను మామా అంటా, ఆయన నన్ను అల్లుడా అంటాడు. మంచోడే, కానీ కారెక్కితే ఒకటే మాట: "అల్లుడా, కారు పని మీద పోతాది, చుట్టరికాల మీద కాదు." మాకేమో కంభం దాటి గిద్దలూరు పోయే దారిలో, రోడ్డుకు ఆనుకొనే అత్తగారిల్లు. అక్కడ ఆపమని ఎట్ల అడిగేది? వీడికి పెండ్లాం పిచ్చి అని మార్కాపురమంతా చెప్పుకోరూ?

దేవుని దయ వల్ల ఇన్నాళ్లూ అడిగే అవసరమే రాల. పాత రేడియేటరు మన ఉప్పునీళ్లు తాగి తాగి లోపలంతా సున్నం కట్టుకొని ఉండె. కంభం దగ్గర సగంలో ఉండే, ఇంజను వేడి చూపించే ముల్లు మా అత్తగారి ఊరు కనపడేసరికి ఎర్రగీత ఎక్కేది. సరిగ్గా వాళ్ల వాకిలి దగ్గరికి రాంగానే బుస్సుమని ఆవిరి! "మామా, నీళ్లు పొయ్యాల" అనేది, రేకుడబ్బా పట్టుకొని లోపలికి పోయేది. సాయబు కారు పక్కన నిలబడి చుట్ట ముట్టించేవాడు. మా రంగమ్మ కాన్పుకు పుట్టింటికి పోయినంక ఆ కాగుడు నాకు వరమైపోయింది. "ఇంజను బాగా చల్లారాల మామా, తొందరపడగూడదు" అని చెప్పి అరుగు మీద కూచొని రంగమ్మతో మాట్లాడుకునేవాన్ని.

అట్లాంటిది, నాకు ఆడబిడ్డ పుట్టిందని కబురు వచ్చిందో లేదో, సాయబు ఏం చేసినాడు? మద్రాసు నుంచి రైల్లో కొత్త రేడియేటరు తెప్పించినాడు! రబ్బరు గొట్టాలు, ఫ్యాను బెల్టు, అన్నీ కొత్తవే. బిగించింది ఎవరు? నేనే! బిగించి తర్లుపాడు దాకా తోలి చూస్తే ముల్లు సగం గూడా ఎక్కల. సాయబు మురిసిపోయినాడు. "సుభానల్లా! చూడు అల్లుడా, ఐసుగడ్డ!" అన్నాడు. నా గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే మర్సనాడే గిద్దలూరు ప్రయాణం. బిడ్డను నేనింకా చూడనేలేదు. వస్తాండా, వాకిట్లో ఉండండి అని కబురు గూడా పంపించినా. పొద్దున్నే కారుకు హ్యాండిలు తిప్పేటప్పుడు మాట నోటి దాకా వచ్చింది.

"మామా..."

"ఏంది?"

"ఏం లేదు మామా, టైర్లలో గాలి బాగుంది."

చూడండి నా తెలివి! అడగలేక, కొట్టు వెనకాల పడున్న గోనెసంచి తీసి, మడిచి, రేడియేటరు ముందర జాలీ లోపల కుక్కినా. గాలి ఆడకపోతే అదే కాగుతాది గదా. కానీ నా లెక్క పాత రేడియేటరుది. కొత్తదానికి దాని లెక్క దానికుంది.

కంభం దాటినాం. ముల్లు కదిలింది. ఎక్కవే తల్లీ, ఎక్కవే అని మొక్కుకుంటా తోలుతాన్నా. ఊరు కనపడింది, ముల్లు సగం మీద. ఇల్లు కనపడింది, ముల్లు ఇంకో వెంట్రుకవాసి పైన, అంతే! వాకిట్లో మా అత్త నీళ్ల కడవతో నిలబడింది. పక్కన రంగమ్మ, కొంగు కింద బిడ్డ. ఆవిరి లేదు, పాడు లేదు, ఏం సాకు చెప్పి ఆపేది? రంగమ్మ చెయ్యెత్తింది. నేను హారన్ కొట్టినా. కొట్టి, పోయినా! నా మొగం మండ!

"ఎవురికిరా హారను?" అన్నాడు సాయబు వెనక నుంచి.

"గొర్రె అడ్డమొచ్చింది మామా."

ఊరు దాటి అర మైలు పోయినామో లేదో, బుస్సు! చెట్టు లేదు, బాయి లేదు, అంతా కంకర నేల. "కొత్తది గదరా!" అని సాయబు నోరు తెరిచినాడు. "నీళ్లు తెస్తా మామా" అని డబ్బా పట్టుకొని వెనక్కి ఒకటే పరుగు. ఆ ఎండలో గూడా లోపల సంతోషమే. ఆ సంతోషంలో ఇంజను ఆపడమే మరిచిపోయినా. "ఒరే, దీన్ని ఆపేసి పోరా, నాకు రాదు!" అని సాయబు అరస్తాంటే, తొందరగా రమ్మంటున్నాడేమో అని ఇంకా గట్టిగా ఉరికినా.

ఇంటికి పోతే రంగమ్మ నా దిక్కు చూడను గూడా చూడల. "కార్లో పోయేటప్పుడు కనపడనోళ్లం, ఇప్పుడెట్ల కనపడినాం?" అనింది. మా అత్త డబ్బా నింపి ఇచ్చింది. నేను గడప మీద కాలు పెట్టబోతే, "ఆ మసి చేతులేంది నాయనా, ఆ చెమటేంది! బాలింత ఇంట్లోకి అట్లనే వస్తారా? తానం చేసి రా" అనింది. తానానికి టైమేది? సాయబు ఎండలో ఉన్నాడు. బయట నుంచే మెడ చాపి చూసినా. గుడ్డల్లో నుంచి ఒక చిన్న పిడికిలి కనపడింది. అంతే, మొగం గూడా కనపడల. ఎంత బాధయ్యిందో నాకు తెలుసు.

దారి పొడుగునా ఆ పిడికిలే తలుచుకుంటా డబ్బా మోసుకొచ్చినా. వచ్చేసరికి ఇంజను అట్లనే దుడదుడమంటా కాలిపోతాంది. కాగిన ఇంజన్లో చన్నీళ్లు ఒక్కసారి పొయ్యగూడదని ఊర్లో డ్రైవర్లందరికీ చెప్పే పెద్దమనిషిని నేనే! గుడ్డ చుట్టి మూత తీసి, డబ్బాడు నీళ్లూ గబగబా కుమ్మరించినా. టప్! ఇంజను పైన హెడ్డు పగిలింది.

సాయబు దిగి వచ్చి, జాలీ లోపల నుంచి సంచి బయటికి లాగినాడు. దాని మీద ఆయన కొట్టు ముద్రే! "ఇది మన పలకల సంచి గదరా? ఇక్కడికి నడిచొచ్చిందా?" అన్నాడు. ఇంక దాచేదేముంది? రోడ్డు మీద కూలబడి అంతా చెప్పేసినా.

నాలుగు తన్నింటే బాగుండు. ఆయన ఆ సంచి దులిపి, దాని మీదనే కూచున్నాడు. "రేడియేటరు ఎందుకు మార్పించినా అనుకున్నావురా పిచ్చోడా? నా కోసమా? ఇన్నేండ్లు కాగితే నేనేమన్నా అన్నానా? బాలింతను, పసిగుడ్డును తోలుకొచ్చేటప్పుడు ఇది నడి ఎండలో నిలబడితే ఏంగావాల? కార్లోనే పంపిస్తానని రంగమ్మ వాళ్ల నాయనకు మాటిచ్చింటి." జేబులో నుంచి చుట్ట తీసి మళ్లీ అన్నాడు, "ఆ అరుగు మీద నువ్వు ఏ ఇంజను చల్లారుస్తాంటివో నాకు తెలీదనుకున్నావా? ఆవిరి తగ్గినాక గూడా నేను రెండో చుట్ట ఎందుకు ముట్టిస్తాంటి?"

ఇప్పటికీ ఆయన మొగం సూటిగా చూడలేకుండా ఉండా.

రంగమ్మ వాళ్ల నాయన ఎద్దులు కట్టుకొచ్చి కారును కంభం దాకా ఈడ్చినాడు, నేను స్టీరింగు పట్టుకొని తల దించుకొని కూచున్నా. హెడ్డు మద్రాసు నుంచి ఇంకా రాల. కారు కంభంలోనే పడుంది. అందుకే మొన్న రంగమ్మను, బిడ్డను ఆ ఎద్దుల బండిలోనే తోలుకొచ్చినా. దారంతా రంగమ్మది ఒకటే పాట: "నోరు తెరిచి అడిగేదానికి సిగ్గుపడి, కారు నోరు మూసినావు."

బండికి గూడుంది గానీ, పొద్దు వాలినాక ఎండ వెనక నుంచి నేరుగా బిడ్డ మొగం మీదికి కొడతాంది. ఎత్తుకుంటా ఇయ్యవే అంటే ఇయ్యల. "నువ్వు ఎండకు అడ్డం పట్టుకో, చాలు" అనింది. బండి వెనక కూచొని, చేతులు రెండూ పైకెత్తి, పరదా పట్టినట్ల పట్టుకొనే వచ్చినా. ఏం పట్టుకున్నావంటారా? ఆ గోనెసంచే! నేను బయలుదేరేటప్పుడు సాయబు పిలిచి మరీ చేతికిచ్చినాడు, "తీసకపో అల్లుడా, అడ్డం పెట్టేది నీకు బాగా వచ్చు" అని.